చనిపోయాక చేసిన ఫైట్లు

మనిషన్నవాడు బతికుండగా చేయని పనులు పోయాక చేయాలంటే రెండే దారులు. దెయ్యమన్నా కావాలి, కుంగ్‌ఫూ చరిత్ర సినిమాకు హీరో అన్నా కావాలి. రెండో దారిలో రాబడి ఎక్కువ.

ఇప్ మ్యాన్ అనే పెద్దమనిషినే తీసుకోండి. 1893లో చైనాలోని ఫోషాన్‌లో పుట్టాడు. వింగ్ చున్ అనే యుద్ధవిద్య నేర్చాడు, హాంకాంగ్‌లో నలుగురికీ నేర్పాడు, 1972 డిసెంబరులో కన్నుమూశాడు. ఆ డెబ్బై తొమ్మిదేళ్లలో ఆయన ఏ బ్రిటిష్ బాక్సర్నీ రింగులో పడగొట్టిన దాఖలా లేదు. 2010 ఏప్రిల్లో పడగొట్టాడు. 2015లో మైక్ టైసన్ ఎదుట మూడు నిమిషాలు నిలిచి చూపించాడు. 2019లో ఏకంగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి అమెరికా సైనికుణ్ణి చితకబాది వచ్చాడు. బతికుండగా ఆయన అమెరికా ముఖం చూసినట్టు ఎక్కడా లేదు. పోయాక ఇంత చురుగ్గా తిరిగిన మనిషి ఈ మధ్యకాలంలో మరొకడు కనిపించడు.

నా తగాదా ఫైట్లతో కాదు. విల్సన్ యిప్ తీసిన ‘ఇప్ మ్యాన్ 2’లో ఫైట్లు కళ్లకద్దుకునేలా ఉంటాయి. హాంకాంగ్‌లో బడి పెట్టుకోవాలంటే అక్కడి గురువులందరూ పెట్టే పరీక్ష నెగ్గాలి. గుండ్రటి బల్ల, దాని చుట్టూ కాళ్లు పైకి పెట్టి బోర్లించిన స్టూళ్లు. జారితే ఆ కాళ్ల మీదే పడాలి. అగరువత్తి వెలిగిస్తారు. అది ఆరేదాకా బల్ల మీద నిలిచినవాడికే బడి. ఇప్ మ్యాన్ వేషం వేసిన డానీ యెన్ పొడుగు చొక్కా అంచు సర్దుకుని బల్లెక్కుతాడు. ఇద్దరు గురువుల్ని దించేశాక శామో హంగ్ ఎక్కుతాడు. లావుపాటి మనిషి, సినిమా పనులు నడుస్తుండగానే గుండె ఆపరేషన్ చేయించుకున్నవాడు. ఆ ఒళ్లుతో ఆ బల్ల మీద ఆయన తిరుగుతుంటే మనం కుర్చీ అంచుకు జరుగుతాం. ఎవరూ ఓడకుండానే ఆట ఆగుతుంది. పైసా వసూలు, సందేహం లేదు.

తగాదా వచ్చేది దాని మెడలో వేలాడదీసే పలకతో. ‘నిజ జీవిత గాథ’ అనే పలక. పేరు నిజం, ఊరు నిజం, ఏడు నిజం. ఇప్ మ్యాన్ పెద్దకొడుకు సలహాదారుగా ఉన్న మాట నిజం. మొదటి భాగం చివర అసలు మనిషి గురించి తెర మీద నాలుగు ముక్కలు వేసిన మాటా నిజం. మదనపల్లె మండీలో టమోటా బాక్సు కొన్నవాడికి ఈ కిటుకు చెప్పక్కర్లేదు. పైవరస కాయలు ఎర్రగా, గట్టిగా, ఒక్క మచ్చ లేకుండా నిగనిగలాడుతుంటాయి. వేలం పాడేది వాటిని చూసే. ఇంటికెళ్లి కుమ్మరించాక తెలుస్తుంది, అడుగున ఏముందో. చరిత్ర సినిమా సీక్వెల్లో పైవరస సర్దేవాడు పరిశోధకుడు, అడుగువరస నింపేవాడు ఫైట్‌మాస్టర్.

అడుగున ఏముందో చూద్దాం. రెండో భాగంలో ఇంగ్లిషు బాక్సరొకడు వస్తాడు. తలపొగరు, తెల్లతోలు, నోటి దురుసు మూడూ ఉన్నవాడు. హీరోకు పెద్దన్నలాంటి గురువు వాడితో తలపడి రింగులోనే ప్రాణం వదులుతాడు. అప్పుడు హీరో దిగుతాడు, మొదట దెబ్బలు తింటాడు, ఆఖర్న గెలుస్తాడు, మైకు ముందు మనుషులంతా ఒకటేనన్న ధోరణిలో నాలుగు మంచిమాటలు చెబుతాడు, జనం లేచి చప్పట్లు కొడతారు. ఇదెక్కడో చూశామే అనిపిస్తే మీ జ్ఞాపకశక్తికి దండం. 1985లో వచ్చిన ‘రాకీ 4’లో రష్యా బాక్సర్ని తీసేసి ఇంగ్లిషువాణ్ణి పెట్టండి, సరిపోతుంది. చరిత్రేమో హాంకాంగ్‌ది, కథేమో హాలీవుడ్‌ది, మీసం మెలేయడం మాత్రం ‘మా గురువు నిజంగా ఇలాగే చేశాడు’ అని.

ఇదంతా సరదా కల్పనేగా, పోనీలే అనొచ్చు. కల్పన వచ్చి ఖాళీ కుర్చీలో కూర్చుంటే ఎవరికీ బాధ లేదు. అది ఎవరిని లేపి కూర్చుందన్నదే అడగాలి. అసలు ఇప్ మ్యాన్ ఫోషాన్ ఎందుకు వదిలాడు? మొదటి భాగం ప్రకారం జపాన్ సైన్యాధికారిని అందరి ముందూ కొట్టి, తుపాకీ గుండు తగిలి, హాంకాంగ్ పారిపోయాడు. అసలు సంగతి వేరే. జపాన్‌వాళ్లు వెళ్లిపోయాక ఆయన జాతీయవాద ప్రభుత్వ పోలీసు శాఖలో పనిచేశాడు. 1949లో కమ్యూనిస్టులు గెలిచారు. పాత ప్రభుత్వం ఉప్పు తిన్న పోలీసుకు కొత్త ప్రభుత్వంలో ఏం జరుగుతుందో ఊహించుకుని ఊరు విడిచాడు. హాంకాంగ్‌లో హోటల్ కార్మికుల సంఘం భవనంలో పాఠాలు మొదలుపెట్టాడు. భార్య ఫోషాన్‌లో ఉండిపోయింది. సరిహద్దు మూసుకుపోయింది. మళ్లీ కలిసి కాపురం చేసింది లేదు. సినిమాలో మాత్రం ఆ ఇల్లాలు హాంకాంగ్ అద్దె ఇంట్లో నిండు గర్భిణిగా, బాడుగ డబ్బులకు వెతుక్కుంటూ మొగుడి పక్కనే ఉంటుంది.

ఏబై ఏళ్లు దాటిన మనిషి, చేతిలో ఒక విద్య తప్ప ఏమీ లేనివాడు, పెళ్లాం బిడ్డలు గేటుకు అవతల, తను ఇవతల. ఇంతకంటే పెద్ద కథ ఉందా? ఆ గేటు ముందు ఇంగ్లిషు బాక్సర్ ఏపాటి విలన్? కానీ గేటుతో ఫైట్ పెట్టలేరు. పైగా ఆ గేటు ఎవరు వేశారో చెప్పాల్సొస్తుంది. చెబితే చైనాలో బొమ్మ పడదు. అందుకే మొదటి భాగానికి జపాన్‌వాడు, రెండుకు బ్రిటిష్‌వాడు, మూడు నాలుగులకు అమెరికావాడు. గేటు వేసినవాళ్ల తప్పు ఒక్కటీ లేకుండా నాలుగు భాగాలు లాగారంటే ఆ నైపుణ్యానికి వింగ్ చున్ చాలదు.

మనం తక్కువ తిన్నామా? ‘సైరా’లో 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను ఝాన్సీ రాణి తన సైనికులకు చెప్పి రోషం నూరిపోస్తుంది. కోవెలకుంట్ల కబురు పదేళ్లలో ఝాన్సీకి ఏ టపాలో చేరిందో నిర్మాతలకే ఎరుక. ‘ఆర్ఆర్ఆర్’ కాస్త నయం. అల్లూరి, కొమురం భీమ్ ఎన్నడూ కలవలేదు, ఇది మా ఊహ అని దర్శకుడు ముందే చెప్పాడు. ఆ నిజాయితీకి నమస్కారం. కానీ సినిమా మొదట్లో వేసే ఆ ‘కల్పితం’ ముక్కను చదివేదెవరు? పొగాకు ప్రకటన నడుస్తున్నప్పుడు మనం పాప్‌కార్న్ క్యూలో ఉంటాం, ఆ అక్షరాలు పడేటప్పుడు సీటు నంబరు వెతుక్కుంటుంటాం. తెల్లవాడు కిందపడ్డప్పుడు మాత్రం అందరం సీట్లలోనే ఉంటాం.

అయినా థియేటర్ అబద్ధానికి ఆయుష్షు తక్కువ. ఏబై రోజులాడి దిగిపోతుంది, గోడ మీద పోస్టరు మీద మరో పోస్టరు పడుతుంది. దానికి నూరేళ్ల ఆయుష్షు పోసేది ఇంట్లో బొమ్మే. టిక్కెట్టు కొని హాల్లో చూసింది కథ. ఇంట్లో అన్నం తింటూ, అవ్వాతాతల మధ్య, పదోసారి చూసింది మాత్రం చరిత్ర. ఎవరూ పాఠం చెప్పరు, పరీక్ష పెట్టరు, కానీ ఇంటిల్లిపాదికీ అప్పజెప్పడం వచ్చేస్తుంది.

ఈ చదువు మా పాత చిత్తూరు జిల్లా పడమటి ఊళ్లకు ఎలా అందిందో చూడండి. మొదట వీసీఆర్ కాలం. పెళ్లికో, వినాయక చవితికో టీవీ, వీసీఆర్, నాలుగు క్యాసెట్లు అద్దెకు తెచ్చి వీధిలో పెట్టేవాళ్లు. మూడు తెలుగు సినిమాలు, తెల్లవారుజామున నిద్ర ఆపడానికి ఒక ‘కరాటే సినిమా’. అందులో ఉన్నది చైనావాడా జపాన్‌వాడా, కరాటేనా కుంగ్‌ఫూనా అన్న పట్టింపు ఎవరికీ లేదు. తర్వాత వీసీడీలు. 2007లో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు దించింది. దొంగ డిస్కులు అమ్మేవాడికే ముచ్చెమటలు పోసిన ధర అది. దొంగకైనా దొరకైనా ఆ ధరలో ఒక్క డిస్కే వచ్చేది. ఆ తర్వాత మెమొరీ కార్డు. ఇప్పుడు ఓటీటీ.

అసలు చోద్యం ఇక్కడుంది. 2011లో ‘ఇప్ మ్యాన్ 2’ అమెరికాలో డీవీడీగా, బ్లూ-రేగా వచ్చినప్పుడు సినిమాతోపాటు కొసరు సరుకు కూడా ఇచ్చారు. మేకింగ్, తీసేసిన సీన్లు, నటుల ఇంటర్వ్యూలు. తీగలు ఎక్కడ కట్టారో, ఆ బల్ల మీద ఎవరు ఎలా నిలబడ్డారో అందులో చూడొచ్చు. అంటే ఇది నాటకం అని ఒప్పుకున్న భాగమంతా కొసరులో ఉంది. సరుకు చౌకయ్యేకొద్దీ మొదట రాలిపోయేది ఆ కొసరే. 34 రూపాయల డిస్కులో దానికి చోటు లేదు. దొంగ డిస్కులో ‘ఆరు సినిమాలు ఒకే దాంట్లో’ కాబట్టి అసలు సినిమాకే ఊపిరాడదు. మెమొరీ కార్డులో పేర్లు కూడా పడవు. ఓటీటీలో పేర్లు పడబోతుంటే పార్ట్ త్రీ దానంతటదే మొదలైపోతుంది. డబ్బున్నవాడికి సినిమాతోపాటు అది సినిమాయేనన్న రుజువు కూడా అందింది. మనకు ఒట్టి సినిమా అందింది. ఇక్కడో మాట. సినిమా నుంచి ఎడిటర్ తీసేసిన సీన్లు డిస్కులో దొరుకుతాయి. చరిత్ర నుంచి రచయిత తీసేసిన సీన్లు ఎంత ఖరీదైన డిస్కులోనూ దొరకవు. ఫోషాన్‌లో ఉండిపోయిన ఆ ఇల్లాలు ఏ బ్లూ-రేలోనూ లేదు.

మెమొరీ కార్డుల రోజుల్లో కుప్పం బస్టాండు పక్కన సెల్‌ఫోన్ షాపుల్లో వినబడే బేరం ఇలా ఉండేది.

“అన్నా, ఇప్ మ్యాన్ టూ ఉండాదా?”

“తెలుగుదా, తమిళ్‌దా, ఇంగ్లీషుదా?”

“యాదైనా పర్లేదు, ఫైటింగులు కట్ కాకుంటే చాలు. నిజంగా జరిగిండేదంట గదన్నా?”

“జరక్కపోతే పార్ట్ టూ ఎందుకు తీస్తారప్పా!”

ఈ ఒక్క జవాబులో ఉన్న తర్కాన్ని ఓడించాలంటే విశ్వవిద్యాలయం చాలదు. అబద్ధమైతే ఒకసారి చెప్పి ఊరుకుంటారు, రెండుసార్లు చెప్పారంటే నిజమే అయ్యుండాలి. సీక్వెల్ అంటే అబద్ధానికి సాక్షి సంతకం. నాలుగో భాగానికి రిజిస్ట్రేషన్ కూడా అయిపోతుంది.

కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు. ఒకే వీధిలో మూడు భాషల సినిమాలు నడుస్తాయి, కాబట్టి ఒకే గొప్పను మూడు భాషల్లో వినే భాగ్యం అక్కడివాళ్లది. 2011లో వచ్చిన ‘ఏళాం అఱివు’ తెలుగులో ‘సెవెన్త్ సెన్స్’ అయింది. కాంచీపురం రాకుమారుడు బోధిధర్ముడు చైనా వెళ్లి వాళ్లకు వైద్యం, కుంగ్‌ఫూ నేర్పాడని అందులో చూపించారు. తమిళుడి ఛాతీ ఉప్పొంగడానికి రాసిన డైలాగు అది. డబ్బింగులో ఆ ఉప్పొంగడం ఎవరి ఖాతాలో జమ చేయాలో కుప్పంవాళ్లే తేల్చాలి.

ఇక బోధిధర్ముడి సంగతి. ఆయన గురించి దొరికే తొలి చైనా రాతల్లో, క్రీ.శ. 547 నాటి ఒక గ్రంథం ఆయన్ని పారసీక దేశంవాడంది. శిష్యుడొకడి రాత దక్షిణ భారత రాజు మూడో కొడుకంది. రెండింట్లోనూ కుంగ్‌ఫూ ఊసు లేదు. షావొలిన్ వ్యాయామాలకు ఆయన పేరు తగిలించిన పుస్తకం 1624 ప్రాంతంలో పుట్టింది, అంటే ఆయన పోయిన వెయ్యేళ్లకు. దానికి తగిలించిన పాత ముందుమాటలు దొంగవని చైనా పండితులే తేల్చారు. అయినా వాట్సాప్‌లో ‘చైనావాడికి కుంగ్‌ఫూ నేర్పింది మనమే’ అన్న ముక్క ఏటా కొత్త సీక్వెల్లా వస్తూనే ఉంటుంది. ‘మనమే’ అన్నచోట ఎవరి ఊరి పేరు వాళ్లు పెట్టుకోవచ్చు.

మదనపల్లె మాత్రం ఎందుకు ఊరుకోవాలి? మాకైతే రుజువుతో సహా ఉంది. ‘ఇప్ మ్యాన్ 2’ చివర ఒక బుడతడు గర్వంగా వచ్చి విద్య నేర్పమంటాడు, పెద్దయ్యాక రమ్మంటాడు గురువు. ఆ బుడతడు బ్రూస్ లీ. ఆ బ్రూస్ లీ 1970లో బరువులెత్తుతూ నడుం విరగ్గొట్టుకుని నెలల తరబడి మంచానపడ్డాడు. అప్పుడు పుస్తకాలు ముందేసుకున్నాడు. వాటిలో ముఖ్యమైనవి జిడ్డు కృష్ణమూర్తివి. ఒక పద్ధతికి కట్టుబడితే మనసు గిడసబారుతుందన్న ఆయన ఆలోచనను తన జీత్ కున్ డో విద్యలోకి దించుకున్నాడు. బ్రూస్ లీ పోయాక 1975లో అచ్చయిన ఆయన నోట్సు చూస్తే ఆ ప్రభావం పేజీ పేజీకీ తగులుతుంది. కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఎక్కడ? మదనపల్లెలో. ఇది పైవరస. మచ్చలేని కాయలు.

అడుగువరస నింపడానికి నిర్మాతలు రెడీగా ఉండుంటారు, కథ నేనే చెప్పేస్తా. పార్ట్ వన్: చిన్న కృష్ణమూర్తి హార్స్‌లీ హిల్స్ మీద యూకలిప్టస్ చెట్లను వట్టి చేత్తో కొడుతుంటాడు. దొర ఒకడు కిందపడతాడు. ఇంటర్వెల్. కుంగ్‌ఫూలో పులి శైలి, కొంగ శైలి, పాము శైలి ఉన్నాయి, ఆవు శైలి ఒక్కటే తక్కువ. పుంగనూరు పొట్టావును చూసి హీరో ఆ శైలి కనిపెడతాడు. నడుమెత్తు లేని ఆవు ఆరడుగుల దొరను కుమ్మే షాట్ ట్రైలర్‌కే సరిపోతుంది. 1919లో టాగూరు మదనపల్లె థియసాఫికల్ కాలేజీకి వచ్చి జనగణమనను ఇంగ్లిషు చేసిన మాట నిజమే కాబట్టి ఆడియో ఫంక్షన్‌కు ముఖ్య అతిథి కూడా దొరికాడు. పార్ట్ టూ: బ్రూస్ లీ బెంగుళూరు రైలెక్కి కుప్పంలో దిగుతాడు. మూడు భాషల ఊరు గనక పాన్ ఇండియా ఖర్చు కలిసొస్తుంది. గురుశిష్యులు కలిసిన దాఖలా లేదంటారా? అందుకేగా పార్ట్ టూ! తర్వాత ఓటీటీలో ఇరవై నిమిషాలు కలిపిన కొత్త కట్. మా మనవలు దాన్ని చూసి, కుంగ్‌ఫూ పుట్టింది పుంగనూరు ఆవు కొమ్ముల మధ్య అని పరీక్షలో రాసొస్తారు.

నవ్వకండి. ఇంతకంటే తక్కువ ఆధారంతో ఇంతకంటే పెద్ద బడ్జెట్ సినిమాలు వచ్చాయి.

కల్పించకపోతే సినిమా ఆడదా? మా పాత చిత్తూరు జిల్లాలోనే 1782 డిసెంబరులో, చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట విడిదిలో హైదరాలీ చనిపోయాడు. కొడుకు టిప్పు ఎక్కడో మలబారు తీరాన ఉన్నాడు. కబురు పొక్కితే సైన్యం చీలిపోతుందని మంత్రులు చావును దాచారు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా పెట్టెలా కోలారు వైపు పంపారు. సుల్తాను బతికే ఉన్నట్టు నటిస్తూ రోజులు నెట్టుకొచ్చారు. ఇందులో ఏ రచయితా ఒక్క ముక్క కలపక్కర్లేదు. ఒక్క ఫైట్ కూడా లేకుండా ఊపిరి బిగబట్టించే కథ ఇది. మనవాళ్లు దీన్ని పెద్ద సినిమాగా తీయరంటే కారణం ఒక్కటే: ఇందులో మీసం మెలేయడానికి ఎవరికీ సందు లేదు.

కృష్ణమూర్తి మీద సినిమా తీయబోయేవాళ్లకు మాత్రం మదనపల్లె వాణ్ణిగా ఒక హెచ్చరిక. సీక్వెల్ అంటే ఆయనకు పడదు. 1909లో అడయారు సముద్రతీరాన దివ్యజ్ఞాన సమాజంవాళ్లు ఆ బక్కపిల్లాణ్ణి చూసి, రాబోయే జగద్గురువు వీడేనన్నారు. మైత్రేయుడు గతంలో క్రీస్తు ఒంట్లోకి దిగినట్టే ఇప్పుడు ఈ పిల్లాడి ఒంట్లోకి దిగుతాడన్నారు. సూటిగా చెప్పాలంటే, క్రీస్తుకు పార్ట్ టూగా ఆయన్ని బుక్ చేశారు. 1911లో సంఘం పెట్టారు, దేశదేశాల నుంచి విరాళాలు వచ్చిపడ్డాయి, అభిమానులు వేలల్లో తయారయ్యారు. రిలీజుకు అన్నీ సిద్ధం. 1929 ఆగస్టు 3న హాలెండ్‌లోని ఓమెన్‌లో ఆయన వేదికెక్కి, నేను ఎవరికీ గురువును కాను అని చెప్పి, ఆ సంఘాన్ని రద్దుచేసి, వచ్చిన ఆస్తులు ఇచ్చినవాళ్లకు తిరిగి ఇప్పించాడు.

కాబట్టి నిర్మాతలూ, మదనపల్లెలో ఆ మనిషి పేరుతో పార్ట్ టూ హక్కులు అమ్ముతానని ఎవరైనా వస్తే అడ్వాన్సు ఇవ్వకండి. అసలు ఓనరు 1929లోనే అడ్వాన్సులన్నీ వాపసు చేసేశాడు.